వలలు ఆరేసుకోండి

చినగంగపేట,
ఆగస్టు 20

నాగబాబు మావకి,

నువ్వూ అనూరాధత్తా బాగున్నారనే అనుకుంటున్నాను. బాగోకపోయినా ఆ సంగతి నాకు తెలియాలంటే ఓడ రావాలి కదా. మే నెల గాలికి మీ దీవిలో పడిపోయిన సెల్ టవరు ఇంకా లేవలేదా? అమ్మ రోజూ నీ నంబరు కొట్టి, "మా తమ్ముడు దొరకనేదు" అని ఫోన్‌ని తిట్టి పెట్టేస్తోంది. నీకు లైట్‌హౌస్‌లో ఉద్యోగమని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాం గానీ, ఆ దీపం అంత దూరంలో ఉంటుందని అప్పుడు తోచలేదు.

అసలు సంగతికి వస్తాను. నువ్వు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అన్నం తింటూ కూడా చూసే 'చీకటి వేగు' సీరియల్‌ని మా కెరటం రేడియోలో నాటకంగా వేస్తున్నాం. టీవీ కంపెనీవాళ్లు అనుమతి ఇచ్చేశారు. మా మేనేజరు పద్మకుమారి గారు నన్ను పిలిచి, రాసేది నువ్వే, నీలిమ వేషం కూడా నీదే అన్నారు. ఎగిరి గంతేశాను. ఇంటికొచ్చి మొదటి భాగం మళ్లీ చూశాక ఆ గంతు అక్కడే ఆగిపోయింది.

మావా, ఆ సీరియల్లో ఎవరూ మాట్లాడరు. హీరో గూఢచారి కాబట్టి నోరు విప్పడు, అన్నీ కళ్లతోనే. గోడ దూకుతాడు, కదిలే రైలెక్కుతాడు, చెంప మీద మచ్చ చూసి విలన్‌ని గుర్తుపడతాడు. ఇక నీలిమ టీవీలో వార్తలు చదువుతూ అతనికి రహస్యంగా కబురు పంపుతుంది కదా: జుంకాలు పెట్టుకుంటే అంతా క్షేమం, దుద్దులు పెట్టుకుంటే పారిపో అని. రేడియోలో జుంకాలు ఎవడికి కనబడతాయి? మూడు రోజులుగా కాగితం మీద 'హీరో చూశాడు' అని రాసి కొట్టేస్తున్నాను. ఆ సీరియల్ నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఏదో ఒక దారి చెప్పు.

ఇంట్లో అందరం బాగున్నాం. మొన్న గాలి హెచ్చరిక వస్తే, సాయంత్రం ఆరింటికి రేడియోలో చదివే సముద్రం కబురు చివర్న ఎప్పటిలాగే "వలలు ఆరేసుకోండి" అన్నాను. ఆ మాట చెవిన పడగానే లక్ష్మణమ్మ పిన్ని గంగమ్మ గుడి ముందున్న పొడుగాటి వెదురు గెడ మీది లైటుని తాడు లాగి దింపి, తన ఎర్రచీర దానికి చుట్టి మళ్లీ పైకి లాగేసింది. ఎర్రలైటు చూసి దగ్గర్లో ఉన్న పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. ఇదివరకు వాళ్ల అత్త మబ్బు చూసి చీర కట్టేదిట, ఈవిడ నా మాట విని కడుతోంది. "నా కూతురు మాటకి సముద్రంలో పడవలు మళ్లుతాయి" అని నాన్న టీ కొట్టులో చెప్పుకున్నాడట. ఇంట్లో మాత్రం ఏమీ ఎరగనట్టు వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

అత్తకి నా నమస్కారాలు.

నీ మేనకోడలు,
భారతి

•

దీవి,
ఆగస్టు 30

చిరంజీవి భారతికి మావ దీవెనలు.

నీ ఉత్తరం నిన్న బియ్యం బస్తాలతో పాటు ఓడ దిగింది. టవరు సంగతి అడగకు. బాగుచేసేవాళ్లు వచ్చే ఓడలో వస్తారని ప్రతి ఓడవాడూ చెబుతాడు. మీ అత్త మాత్రం హాయిగానే ఉంది, ఫోన్ లేక నేను పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెబుతున్నానని. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, ఈయన సీరియల్ పిచ్చి ఇన్నాళ్లకి ఒకరికి పనికొచ్చిందని నవ్వింది.

నువ్వేం కంగారు పడకు. మనుషుల్ని ముఖాలతో కాకుండా చప్పుళ్లతో తయారుచెయ్యి. కరెంటు పోయినప్పుడు మన వీధిలో నడిచేది ఎవరో మనకి తెలియదా? మీ నాన్న దగ్గు, లక్ష్మణమ్మ మట్టెలు చాలవా? అలాగే విలన్ కాల్చిన జీడిపిక్కలు చితక్కొట్టుకుని తింటుంటాడని పెట్టు. టక్కుమని వినబడిందంటే వాడు వచ్చినట్టే. పలాస దగ్గర్లో ఉన్నందుకు ఆ మాత్రం వాడుకోవద్దూ? హీరోకి ఎడమ కాలి చెప్పు కిర్రుమంటుందని పెట్టు. ఇక్కడ మీ అత్త అడ్డొచ్చింది. "సెప్పు కిర్రుమన్నోడు గూఢచారేటి, ఈదిలో పిల్లలు కూడా పట్టేస్తారు" అంటోంది. ఆమె మాట పట్టించుకోకు.

ఇక జుంకాల సంగతి. నీలిమని టీవీలోంచి లేపి రేడియోలో కూర్చోబెట్టు. నీలాగే సముద్రం కబురు చదివే పిల్లని చెయ్యి. మామూలు రోజున మామూలుగా చదివేస్తుంది. హీరోకి ముప్పు ఉన్న రోజున చివర్న "వలలు ఆరేసుకోండి" అంటుంది. శత్రువు విన్నా ఇదేదో వేటవాళ్ల గొడవ అనుకుని వదిలేస్తాడు. ఈ ఆలోచన తట్టినప్పుడు నన్ను నేనే మెచ్చుకుని, పని లేకపోయినా మెట్లెక్కి పైదాకా వెళ్లొచ్చాను.

ఇంకొక్క మాట. నాటకంలో అప్పుడప్పుడు ఊరుకోవడం కూడా నేర్చుకో. మా దీపం రెండుసార్లు మెరిసి, ఆ పైన చాలాసేపు ఆరిపోతుంది. ఓడవాళ్లు ఆ చీకటిని కూడా లెక్కలోకి తీసుకునే ఇది ఏ ఊరి దీపమో గుర్తుపడతారు. ఎప్పుడూ వెలుగుతూ కూర్చుంటే ఏదో ఇంట్లో లైటు అనుకుంటారు. నువ్వు చిన్నప్పుడు నిద్రలో కూడా వాగేదానివి కాబట్టి ఇది నీకు కష్టమేనని తెలుసు.

అక్కకీ బావకీ చెప్పు, ఇక్కడ వంజరం చేప చవగ్గా ఉంది గానీ మన పులుసు రుచి రాదని.

మీ మావ,
నాగబాబు

•

చినగంగపేట,
సెప్టెంబర్ 27

మావకి,

నీ ఉత్తరం చదువుకుని నేనూ మోహనకృష్ణా స్టూడియోలో పడీపడీ నవ్వాం. మోహనకృష్ణ అంటే కొత్తగా చేరిన సౌండు మనిషి. బొబ్బిలి వాళ్లు, ఇంట్లో అందరూ వీణ నేర్పుతారు. ఈయన ఆ వీణని స్టూడియోకి తెచ్చి దాని లావు తీగ గోటితో గీరాడు, నా వెన్నులోంచి చలి పుట్టింది. హీరో ఆలోచిస్తున్నప్పుడల్లా ఆ చప్పుడే వేస్తున్నాం. చెప్పు కిర్రుమనడం కూడా ఈయన పనే, పాత తోలుచెప్పు ఒకటి నీళ్లలో నానబెట్టి మరీ కిర్రుమనిపిస్తున్నాడు.

ఆదివారం రాత్రి ఏడింటికి నాటకం. రెండు భాగాలు అయ్యాయి. మొత్తం తొమ్మిది. రెండో వారానికే పేటంతా జీడిపిక్కలు చితక్కొట్టడం మొదలెట్టింది. నాన్న పడవలో లక్ష్ముడు రేడియో పట్టుకుని మరీ వేటకి వెళ్తున్నాడు. ఫోన్లయితే ఉప్పు నీళ్లకి భయపడి ప్లాస్టిక్ సంచిలో చుట్టి అడుగున పడేస్తారు, రేడియో మాత్రం చుక్కాని పక్కనే.

నువ్వు చెప్పిన సముద్రం కబురు ఆలోచన అద్భుతం. నాలుగో భాగంలో పెట్టేశాను. అక్టోబర్ 5న వస్తుంది. నీలిమ నా గొంతుతోనే చదువుతుంది, మళ్లీ కొత్త గొంతు ఎందుకని. నాటకం ముందు 'ఇది కల్పితం' అని ఒక మాట చెప్పిస్తే చాలన్నారు పద్మకుమారి గారు.

ఊరుకోవడం మాత్రం కుదరదు. ఆవిడ ఒప్పుకోరు. రేడియోలో రెండు శ్వాసల సేపు ఏమీ వినబడకపోతే జనం సెట్టు పాడైందనుకుంటారని ఆవిడ భయం. అందుకని హీరో మౌనంగా ఉన్నప్పుడు వీణ, వీణ ఆగితే గాలి, గాలి ఆగితే కుక్క. మా నాటకంలో ఖాళీ అన్నదే లేదు.

అత్తని అడిగానని చెప్పు.

భారతి

•

చినగంగపేట,
అక్టోబర్ 8

మావకి,

ఆదివారం జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

నాలుగో భాగంలో నీలిమ సముద్రం కబురు చదివింది. నిజం కబురు ఎలా చదువుతానో అలాగే చదివాను, ఈశాన్యం గాలి, అలల ఎత్తు, ఆఖర్న "వలలు ఆరేసుకోండి". లక్ష్మణమ్మ పిన్ని ఇంట్లో రేడియో లేదు. పొయ్యి మీద పులుసు పెట్టుకుని, పక్కింటి రేడియోలోంచి నా గొంతు, ఆ ఒక్క మాటా వింది. ముందు చెప్పిన 'ఇది కల్పితం' ఆవిడ చెవిన పడలేదు. ఆరింటికి చెప్పాల్సిన కబురు ఏడు దాటాక చెబుతున్నారంటే ఏదో పెద్ద ముప్పే అనుకుని గుడికి పరుగెత్తింది. లైటు ఎర్రబడింది.

నాన్నవాళ్లు అప్పుడే వల వేశారు. నిండుగా చేప పడిందట. వల లాగే టైము లేదని నాన్న తాళ్లు కోసి వదిలేసి ఇంజిను తిప్పేశాడు. పడవలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ ఒడ్డుకొచ్చాయి. వచ్చి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. ఆకు కదలడం లేదు. అప్పుడు ఎవరింట్లోంచో మన జీడిపిక్క టక్కుమంది.

కొందరు తిట్టారు, కొందరు నవ్వారు. నవ్వినవాళ్ల వల్లే ఎక్కువ బాధ. టీ కొట్టులో గోపి నాన్నని చూసి, "మావా, నీ కూతురు మాటకి పడవలు మళ్లుతాయన్నావు, నిజమే" అన్నాడట. లక్ష్మణమ్మ పిన్ని అయితే అందరి ముందూ ఆ చీర మడతపెట్టి చంకలో పెట్టుకుంది. "ఇంక నా సీర నా ఒంటికే. గెడకి కట్టను" అని వెళ్లిపోయింది. ఆవిడకి జరిగిన అవమానం తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

నాన్న నన్ను తిట్టలేదు. నేనే వెళ్లి దగ్గర కూర్చున్నాను. తెగిన తాళ్లు ముడేసుకుంటూ, "నీ గొంతులో ఇద్దరున్నారే. ఏ మనిసి మాటాడతన్నాదో నీటి మీదున్నోణ్ణి నాకెలాగ తెలుస్తాది?" అన్నాడు. నిన్న నిజం కబురు చదువుతుంటే మా వీధిలోనే ఎవరో రేడియో కట్టేశారు. కార్తీకంలో గాలులు లేస్తాయి కదా మావా. రేపు నిజంగా రమ్మంటే ఎవరూ రారు. అందులో నాన్న ఒకడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. చెప్పినట్టు చేసినందుకు ఇలా అయింది.

భారతి

•

దీవి,
అక్టోబర్ 12

చిరంజీవి భారతికి,

నీ సెప్టెంబర్ ఉత్తరం అందింది. ఈపాటికి నాలుగో భాగం అయిపోయే ఉంటుంది. అదిరిపోలేదూ? వలలు ఆరేసుకోండి అనగానే జనం ఒక్క ఉదుటున లేచి కూర్చుని ఉంటారు. మీ నాన్న ముఖం ఎలా ఉందో రాయి. ఇది ఎవరి బుర్రలోంచి వచ్చిందో పేటలో నలుగురికీ చెప్పావా లేదా? నాకేమీ బిరుదులు అక్కర్లేదు గానీ, ఆఖరి భాగంలో పేరు చదివితే కాదనను.

ఇక్కడ మీ అత్తా నేనూ ఇంకో సంగతి మాట్లాడుకున్నాం. నీ ఉత్తరంలో బొబ్బిలి అబ్బాయిని రెండుసార్లు 'ఈయన' అన్నావు. వెన్నులో చలి పుట్టిందని కూడా రాశావు. నేనేమీ అడగడం లేదు. మీ అత్త అడగమంటే రాస్తున్నాను. వీణ వాయించే ఇంట్లో చేపల వాసన భరిస్తారో లేదో ముందుగా కనుక్కో. బావతో నేను మాట్లాడాలంటే ఒక ముక్క రాయి చాలు.

నవ్వుతూ ఉండు.

మావ

•

చినగంగపేట,
అక్టోబర్ 29

మావకి,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఎలా ఉన్నామో రాసిన తర్వాత కూడా నీకు ఎకసెక్కంగా ఉందంటే నేనేం చెప్పను? ఎవరి బుర్రలోంచి వచ్చిందో నలుగురికీ చెప్పమన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాట పడేదేదో నేనే పడుతున్నాను.

మోహనకృష్ణకి కిందటేడే కొత్తవలసలో పెళ్లయింది. వాళ్లావిడ నాకు ఊరగాయ కూడా పంపింది. ఈయన అనడం మర్యాద.

నాటకం ఆపేస్తానంటే పద్మకుమారి గారు వద్దన్నారు. తిట్టినవాళ్లే ఆదివారం ఏడింటికి రేడియో పెడుతున్నారు. ఆరింటి కబురు మాత్రం పెట్టరు. ఆఖరి భాగం నవంబర్ 9న. నాన్న ఆ రెండూ వినడం మానేశాడు, మబ్బు చూసుకుని వెళ్తున్నాడు. ఆయన వెళ్లినప్పుడల్లా వచ్చేదాకా అమ్మ నా ముఖం చూడదు.

ఇంక సలహాలు వద్దు.

భారతి

•

దీవి,
నవంబర్ 11

తల్లీ భారతీ,

కిందటి ఓడ ఇంజిను చెడి రాలేదు. నీ రెండు ఉత్తరాలూ ఒకే సంచిలో మూడు రోజుల కిందట అందాయి. అక్టోబర్ 8న నువ్వు రాసింది నాకు ముందే అంది ఉంటే, నేను ఆ వెటకారపు ఉత్తరం రాసేవాడినా? నువ్వు బావ పక్కన అలా కూర్చుని ఉన్న రోజుల్లో ఇక్కడ నేను నా తెలివికి మురిసిపోతున్నాను. తప్పు నాది. పేటవాళ్లకి నా పేరు చెప్పు, గుడి దగ్గర నిలబడి చెప్పు. లక్ష్మణమ్మ అక్కకి నేను ఒంగి దండం పెట్టానని చెప్పు.

కానీ ఈ ఉత్తరం దానికోసం కాదు. మొన్న ఆదివారం అర్ధరాత్రి వైర్‌లెస్‌లో వాతావరణం వచ్చింది. ఒడిశా వైపు పోతుందనుకున్న వాయుగుండం పక్కకి తిరిగి మన ఊళ్ల మీదికి వచ్చిందని, కళింగపట్నం దగ్గర తీరం దాటిందని. అంతే. ఆ పైన కబురు లేదు. వైర్‌లెస్ అబ్బాయిని శ్రీకాకుళంలో పడవల సంగతి కనుక్కోమని కాళ్లావేళ్లా పడ్డాను. తనకి వచ్చేది గాలి లెక్కలే గానీ మనుషుల లెక్క రాదన్నాడు. మీ అత్త నిన్నటి నుంచీ దేవుడి దగ్గరి నుంచి లేవడం లేదు. అరసవల్లి సూర్యనారాయణ స్వామికి ఏదో మొక్కుకుంది, ఏమిటో నాకు కూడా చెప్పదు.

"రేపు నిజంగా రమ్మంటే ఎవరూ రారు" అని నువ్వు రాసిన ముక్క దగ్గరే ఆగిపోయాను. దీపం వెలిగిస్తున్నాను, ఆర్పుతున్నాను, అదే కళ్ల ముందు. నా మీద కోపం ఉంటే ఉండనీ. బావ ఇంటికొచ్చాడని ఒక్క ముక్క రాయి. లేకపోతే అది కూడా రాయి, దాచకు.

నాగబాబు

•

చినగంగపేట,
నవంబర్ 12

మావా,

అందరూ వచ్చేశారు. ఈ ముక్క ముందు చదువుకుని, అత్తకి కూడా చెప్పి, ఆ తర్వాత మిగతాది నింపాదిగా చదువు. నాన్న నా పక్కనే మంచం మీద గురక పెడుతున్నాడు. ఆ గురక నాకు ఇంత ఇష్టంగా ఎప్పుడూ లేదు.

ఆదివారం మధ్యాహ్నం దాకా వాయుగుండం ఒడిశా వైపే అన్నారు. ఆరింటి కబురులో దూరం వెళ్లొద్దని మాత్రం చెప్పాను. ఎవరు విన్నారో తెలీదు, పడవలు వెళ్లాయి. నాన్న పడవ కూడా వెళ్లింది. ఏడింటికి ఆఖరి భాగం వెయ్యబోతుంటే ఫిషరీస్ ఆఫీసు నుంచి పద్మకుమారి గారికి ఫోను. గాలి ఇటు తిరిగింది, పడవల్ని వెనక్కి పిలవండి అని. నాటకం ఆపించి మైకు తీసుకున్నాను. గాలి సంగతి చెప్పి, వెంటనే వచ్చేయండి, వలలు ఆరేసుకోండి అన్నాను.

అప్పుడు పద్మకుమారి గారి ఫోను మోగింది, ఆవిడ స్పీకర్లో పెట్టారు. టీ కొట్టు నుంచి గోపి. "మేడం, భారతి ఈరోజు ఇరగదీసింది. గొంతులో వొణుకు కూడా పెట్టినాది" అన్నాడు. పక్కన నలుగురు నవ్వుతున్నారు. సరిగ్గా ఏడింటికి, నా గొంతుతో, నీలిమ మాట. ఆఖరి భాగం మొదలైందనుకున్నారు మావా. ఆవిడ అతనికి ఇది నిజమని చెప్పినా, బాగుంది కానివ్వండి అని పెట్టేశాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఇది నాటకం కాదు అని కూడా అన్నాను. అన్న తర్వాత గుర్తొచ్చింది, కిందటి వారం భాగంలో నీలిమ కూడా ఈ మాటే అంది. నేనే రాశాను. ఎంత గట్టిగా చెబితే అంత బాగా నటిస్తున్నట్టే ఉంటుంది. ఇంక చెప్పడానికి నా దగ్గర ఏ మాటా మిగల్లేదు. నాన్న అన్నాడే, నీ గొంతులో ఇద్దరున్నారని. ఆ ఇద్దరి మాటలూ ఒకటే అయిపోయాయి.

ఊరుకున్నాను. ముందు తోచక ఊరుకున్నాను, ఆ తర్వాత నీ దీపం గుర్తొచ్చి కావాలనే ఊరుకున్నాను. మోహనకృష్ణ అలవాటుగా వీణ తీగ మీదికి చెయ్యి పోనిస్తే మణికట్టు పట్టుకుని ఆపేశాను. పద్మకుమారి గారు తలుపు తోసుకుని వచ్చారు, ఖాళీ వినబడుతోందని. నా ముఖం చూసి అక్కడే నిలబడిపోయారు. మైకు తెరిచే ఉంది. మేం ముగ్గురం ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాం. ఇన్ని వారాలుగా ఏదో ఒక చప్పుడు లేకుండా క్షణం గడవని రేడియోలో ఏమీ లేదు.

ఊళ్లో సెట్లు తట్టి చూశారట, బ్యాటరీలు మార్చారట. పక్కింటి రేడియో కూడా మూగబోయిందని తెలిసి ఒక్కొక్కరే వీధిలోకి వచ్చారట. స్టూడియో అద్దం అవతల మొదట కనబడింది లక్ష్మణమ్మ పిన్ని. చేతులకి ఇంకా మసాలా అంటుకుని ఉంది. తలుపు తీసుకుని వచ్చి, "ఏటే, నోరు పడిపోనాదేటి?" అంది. నేను మాట్లాడలేదు. మాట్లాడితే నీలిమ అయిపోతానని భయమేసింది. ఆవిడ నా వంకే చూసింది. నా కళ్లు ఎలా ఉన్నాయో నాకు తెలీదు. వెనక్కి తిరిగి ఎంత బేగి వెళ్లిందో, ఆ వయసులో అలా పరుగెత్తగలదని నేననుకోలేదు. కిటికీలోంచి చూస్తుండగానే గుడి మీది లైటు ఎర్రబడింది. ఇంటికెళ్లి పెట్టెలో చీర తియ్యడానికి టైము లేక, కట్టుకున్న ఎర్రచీర కొంగు చింపి చుట్టిందని తర్వాత తెలిసింది.

గాలి గట్టిగా కొట్టేసరికి పడవలన్నీ ఇసుక మీద ఉన్నాయి. అందరికంటే ముందు వచ్చింది నాన్న పడవ. ఎర్రలైటు వెలగకముందే వెనక్కి మళ్లించేశాడట. ఒడ్డున నన్ను చూశాడు. తాడు కట్టి, చుట్ట కోసం తడుముకున్నాడు, అది తడిసిపోయింది. వాన మొదలవుతోంది. అడగకుండా ఉండలేక అడిగాను, ఎలా తెలిసింది నాన్నా అని.

"లక్ష్ముడు నాటకం పెట్టినాడు. నువ్వు వాగినంతసేపూ నేను నమ్మనేదు," అన్నాడు. "అప్పుడు ఊరుకున్నావు. పుట్టిన కాణ్ణుంచి నువ్వు నోరు మూసింది నేనెప్పుడైనా సూసినానేటి? నా కూతురు ఊరుకున్నాదంటే ఏదో అయిపోనాదని ఇంజిను తిప్పీమన్నాను."

మావా, వానలో నిలబడి గట్టిగా ఏడ్చేశాను. నాన్న కండువాతో నా తల తుడిచాడు. అది నా తల కంటే తడిగా ఉంది. నెలరోజులుగా గుండె మీదున్న బరువు దిగిపోయింది. ఈ మూడు రోజుల్నుంచీ పెట్టింది పెట్టినట్టు తింటున్నాను.

రెండు ఇళ్ల కప్పులు ఎగిరాయి, కొబ్బరిచెట్లు పడ్డాయి, మనుషులకి ఏమీ కాలేదు. ఆఖరి భాగం వెయ్యమని పేటంతా ప్రాణం తీస్తోంది. దానికి లక్ష్మణమ్మ పిన్ని షరతు పెట్టింది. ఆ మాట సముద్రానికి ఒదిలీయాలట, నాటకంలో ఇంకోటి పెట్టుకోవాలట. అందుకని ఇప్పుడు నీలిమ పులుసులో ఉప్పెక్కువైందని చెబుతుంది, హీరో పారిపోతాడు. ఆవిడకి కొత్త ఎర్రచీర నేను కొంటానంటే, ఆ ముక్క చింపింది నేనే కదా, నువ్వెవరివి కొనడానికి అంది. అయినా కొంటాను.

నీ మీద కోపంగా రాసిన ఉత్తరం చింపెయ్. నువ్వు రెండు సలహాలు ఇచ్చావు. ఒకటి ముంచింది, ఒకటి ఒడ్డున పడేసింది. రెండోది నేను అప్పుడు వినలేదు.

అత్తకి, నీకు దండాలు.

నీ వాగుడుకాయ,
భారతి

•

దీవి,
డిసెంబర్ 2

చిరంజీవి భారతికి,

నీ ఉత్తరం జెట్టీ మీద నిలబడే చించి చదివాను. మొదటి ముక్క చదివాక మిగతాది వెంటనే చదవలేకపోయాను, అక్షరాలు కనబడలేదు. మీ అత్తని కేకేశాను. ఆమె వచ్చి, నా చేతిలోంచి లాక్కుని చదివి, అక్కడే కూర్చుండిపోయింది. మొక్కు ఏమిటో అప్పుడు చెప్పింది. అందరూ క్షేమంగా ఉంటే నా పెన్‌డ్రైవ్ సముద్రంలో వేసేస్తానని మొక్కుకుందిట. నా సొత్తు మీద ఆమె మొక్కేమిటి? అయినా ఇచ్చేశాను. సంతోషంగానే ఇచ్చాను.

అదే ఓడలో టవరు బాగుచేసేవాళ్లు కూడా దిగారు. నిన్న సాయంత్రం సిగ్నల్ వచ్చింది. మొట్టమొదట మీ ఇంటికే చేశాను. బావ ఎత్తాడు. ఇన్ని నెలల తర్వాత ఆయన గొంతు విన్నాను. బావా, ఆ సలహా నాదే, నన్ను నాలుగు తిట్టు అని మొదలుపెట్టాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. ఆయన మధ్యలో ఆపేశాడు.

"ఒరే నాగబాబూ, ఇప్పుడు మాటాడకు. ఆరయినాది. మా అమ్మాయి కబురు సెప్తన్నాది" అని ఫోను పెట్టేశాడు.

మావ